పాపన్న పేరు మీద

“నిదానంగా చెప్పప్పా. ఒగొగటే చెప్పు,” అన్నాడు పాపన్న ఫోనులో.

అవతలి మనిషి బెంగుళూరు రైల్లో నిలబడి ఉన్నాడు. మారికుప్పంలో చీకటితో బయలుదేరిన రైలు ఈపాటికి వైట్‌ఫీల్డు దరిదాపుల్లో ఉంటుంది. నాలుగు అంకెలు వినబడ్డాయి. ఐదోది చక్రాల చప్పుడులో కలిసిపోయింది, ఆ వెంటనే లైను తెగింది. కౌంటరు ముందు ఆ మనిషి తల్లి హనుమక్క ఒక చేత్తో మోకాలు, ఒక చేత్తో గోడ పట్టుకొని నిలబడింది. పాపన్న మళ్ళీ చేశాడు. మళ్ళీ చేశాడు. మిగిలిన రెండంకెలు దొరికేసరికి గడువు దాటిందని కంప్యూటరు చెప్పింది. కౌంటరు లోపల పేర్లు కొట్టే శశికళ కొత్త అంకెలు పంపమని మీట నొక్కింది. మళ్ళీ మొదటినుంచి మొదలు.

ఆ ఏడు ఆసుపత్రిలో వచ్చిన పద్ధతి ఇది. పేరు కొడితే దానికి కట్టిన ఫోనుకు ఆరంకెలు పోతాయి. అవి తిరిగి చెబితేనే రోగి పేరు తెరుచుకుంటుంది. ఒకసారి తెరుచుకుంటే అంతా సుళువే. డాక్టరమ్మ ముందున్న తెర మీద, రక్తపరీక్షల గదిలో, మందుల కిటికీలో, ఎక్స్‌రే యంత్రంలో ఒకేసారి ఆ పేరు కనబడుతుంది. తెరుచుకోకపోతే మనిషి ఎదురుగా నిలబడి దగ్గుతున్నా ఎక్కడా లేనట్టే. పాత బంగారు గని కార్మికుల ఇళ్ళ వరసలు, లైన్ల నుంచి వచ్చే ముసలివాళ్ళ పేర్లకు పిల్లల ఫోన్లు కట్టి ఉంటాయి. పిల్లలు పొద్దున రైలుకు బెంగుళూరు పోయి ఉంటారు. అందుకని ఎనిమిది నుంచి పది దాకా ఎక్స్‌రే గది ముందు స్టూలు మీద కూర్చొని, రైల్లో ఉన్నవాళ్ళను పలకరించడం పాపన్న పని అయింది. ఎవరూ అప్పగించలేదు. మరొకరు చేయరు గనుక అయింది.

ఫోనే లేనివాళ్ళకు మొదట్లో తన నంబరే ఇచ్చేవాడు. అట్లా నలభై మందికి పైగా అతని ఫోనులో చేరారు. ఫలానా గారూ, మీ బీపీ మాత్రలు అయిపోయి ఉంటాయి, ఫలానా గారూ, రేపు మీ కంటి పరీక్ష అని అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఫోను మోగేది. చనిపోయినవాళ్ళకు కూడా వచ్చేవి. ఊరి జబ్బులన్నీ మనింట్లోనే ఉండాయని భార్య మునిలక్ష్మి ఒకసారి అని ఊరుకుంది. పోయిన నెల కొత్త సాఫ్ట్‌వేరు వచ్చి, ఒక నంబరు మీద ఆరుగురే ఉండాలని తేల్చింది. ఆ ఆరుగురిలో పాపన్న ఒకడు, మునిలక్ష్మి ఒకతె. ఇప్పుడు కొత్తగా ఎవరికైనా ఆ నంబరు ఇస్తే తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి.

పాపన్నకు యాభై ఏడేళ్ళు. సన్నని మనిషి. మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది, తక్కువ ఎత్తు గుమ్మంలో ఎప్పుడూ దూరుతున్నట్టు. కుడిచేతి వేళ్ళ కొసలు, గోళ్ళు పాత ఇత్తడి రంగులో ఉంటాయి. ముప్పై ఏళ్ళు ఎక్స్‌రే ఫిల్ములు కడిగే డెవలపరు నీళ్ళలో నానిన వేళ్ళు అవి. ఆ పని ఆగి ఆరేళ్ళయినా రంగు పోలేదు. ఎండలోకి వచ్చినప్పుడు కళ్ళు చికిలించి, ఒక క్షణం నిలబడి, అప్పుడు గానీ అడుగు వేయడు.

ఇరవయ్యో ఏట ఊడ్చే పనికి చేరాడు. అప్పట్లో ఎక్స్‌రే చూసుకునే బచ్చప్ప, ఈ పిల్లవాడు అడిగినదానికి తప్ప మాట్లాడడని చూసి, డార్క్‌రూములోకి పిలుచుకున్నాడు. ఎర్ర బల్బు వెలుగులో ఫిల్మును క్లిప్పులకు తగిలించి మందునీళ్ళలో ముంచడం, లెక్క పెట్టడం, తీసి కడిగి, బొమ్మ చెరగకుండా హైపోలో వేయడం, ఆరగట్టడం. ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే లెక్క తగ్గించాలి, చలికాలం పెంచాలి. పుస్తకంలో ఉన్న నిమిషాలు ఈ ఊరికి పనికిరావని బచ్చప్ప చెప్పేవాడు. పాపన్న గడియారం మానేసి మనసులో లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. నీళ్ళలోంచి ఎముకలు తెల్లగా లేవడం, వాటి మధ్య గుండె నీడ, తరువాత ఊపిరితిత్తులు. గని మనుషుల ఊపిరితిత్తుల్లో పైభాగాన తెల్లని గడ్డలుండేవి. రాయి దుమ్ము లోపల పేరుకొని మళ్ళీ రాయి అయినట్టు. వేలమందివి చూశాడు.

చేరిన రెండో ఏడు వాళ్ళ నాన్నదీ చూశాడు. నాన్న ఆంజినప్ప చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి భూమి లోపల ఇరవై ఏళ్ళు డ్రిల్లు పట్టిన మనిషి. ఆ రోజు ఆయన్ను భుజం పట్టుకొని ఆసుపత్రికి నడిపించుకొచ్చినవాడు, ఆయనతోపాటు షిఫ్టు చేసే దాసప్ప. ఫిల్ము నీళ్ళలో తేలినప్పుడు పాపన్న ఎక్కువసేపు చూడలేదు. కడిగి, తీగకు తగిలించి బయటికి వచ్చాడు. ఎట్లుండాదిరా అని నాన్న అడిగాడు. ఆరనీ నాయనా అన్నాడు. ఆ సాయంత్రం తండ్రీకొడుకులు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎనిమిది నెలలకు ఆయన పోయాడు.

ఇప్పుడు డార్క్‌రూములో విరిగిన కుర్చీలు, గ్లూకోజు స్టాండ్లు ఉన్నాయి. కొత్త యంత్రంలో మీట నొక్కిన మూడు సెకన్లకు బొమ్మ తెర మీదికి వస్తుంది. అక్కడి నుంచి బెంగుళూరు పోతుంది. అరగంటలో ఎవరో డాక్టరు చూసి, ఏముందో రాసి పంపుతాడు. వెనకటి రోజుల్లో ఫిల్ములు చదివే డాక్టరు గురువారం మాత్రమే వచ్చేవాడు. శుక్రవారం ఫిల్ము తీయించుకున్నవాడు ఆరు రోజులు ఎదురుచూసేవాడు. ఈ పద్ధతే మంచిదని పాపన్న ఎవరడిగినా చెబుతాడు. యంత్రం నడిపే పురుషోత్తమ్ అనే కుర్రవాడు డిప్లొమా చదివినవాడు. పాపన్నను సహాయకుడన్న పేరుతో ఏడాదికొకసారి కాగితం రాసి ఉంచుకుంటున్నారు. మార్చిలో ఆ కాగితం మళ్ళీ రాయాలి.

ఆ రోజు పురుషోత్తమ్ లేడు. కొత్త సాఫ్ట్‌వేరు నేర్చుకోవడానికి కోలారు పిలిపించారు. బొమ్మలు పాపన్నే తీస్తున్నాడు.

హనుమక్క పేరు తెరుచుకొని, ఆమె మోకాలి ఫోటో అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. అప్పుడే వాకిట్లో ఆటో ఆగి, అందులోంచి దాసప్ప దిగాడు. డెబ్బై రెండేళ్ళవాడు. ఒకప్పుడు రెండు చేతులతో మొద్దు దూలం ఎత్తి భుజాన వేసుకున్న మనిషి అంటే ఇప్పుడెవరూ నమ్మరు. కంఠం కింద రెండు గుంటలు, ఊపిరి తీసినప్పుడల్లా ఇంకా లోతుకు పోతున్నాయి. ఎప్పుడూ లైన్ల నుంచి నడిచే వస్తాడు, మూడుచోట్ల కూర్చొని. ఆటోలో రావడం పాపన్న ఎన్నడూ చూడలేదు.

బెంచీ మీద కూర్చోబెట్టి ఎన్నాళ్ళ నుంచని అడిగాడు. నాలుగు దినాలుగా ఆయాసమని, రాత్రి నుంచి కుడిపక్క పొడిచినట్టుందని, డాక్టరమ్మకు చూపించి ఫోటో తీయించుకొమ్మని కూతురు సవిత చెప్పి రైలుకు పోయిందని దాసప్ప ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

శశికళ పేరు కొట్టింది. ఆరంకెలు సవిత ఫోనుకు పోయాయి. సవిత బెంగుళూరులో బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తుంది. అక్కడ గేటు దగ్గరే ఫోన్లు పెట్టెలో పెట్టించుకుంటారు, ఒంటిగంటకు అన్నం వేళ గానీ ఇవ్వరు. శశికళ నాలుగుసార్లు అంకెలు పంపింది, పాపన్న నాలుగుసార్లు ఫోను చేశాడు, మోగి మోగి ఆగింది. పేరుకు కట్టిన నంబరు మార్చుదామంటే, మార్చడానికి కూడా పాత నంబరుకే ఆరంకెలు పోతాయట. శశికళ బేతమంగళ నుంచి బస్సులో వచ్చే పిల్ల, మనసు మంచిది. కంపెనీ ఆఫీసు నంబరు వెతికి తీసి తానే మాట్లాడింది. ఎత్తినవాళ్ళు చెబుతామన్నారు. చెప్పారో లేదో.

“క్యాజువాల్టీకి పోదాం పా మామా,” అన్నాడు పాపన్న. “ఆడ పేరు గీరు అడగరు. ముందు చూస్తారు.”

“ఆడికి నేను రాను.” దాసప్ప తల అడ్డంగా ఊపాడు. “మారమ్మ ఆడికే పోయింది. తిరిగొచ్చిందా? నువ్వు ఫోటో తియ్యి. చూపించుకోని ఇంటికి పోతా.”

మారమ్మ ఆయన భార్య. పోయి రెండేళ్ళు. పాపన్న మరి బలవంతపెట్టలేదు. సరే, సుమ్నే కూచో మామా, మాట్లాడొద్దు, చూద్దాం అన్నాడు.

పది దాటాక జనం పెరిగారు. చెయ్యి విరిగిన పిల్ల, టేకల్ నుంచి వచ్చిన నడుంనొప్పి రైతు, పెళ్ళిచూపులకు ముందు మెడికల్ సర్టిఫికెట్టు కావలసిన పోలీసు. ఒక్కొక్కరినీ లోపలికి పిలవడం, నిలబెట్టడం, భుజాలు సర్దడం, తెర మీద పేరు వెతకడం. తలుపు తెరిచినప్పుడల్లా పాపన్న చూపు బెంచీ మీదికి పోయేది. మొదట దాసప్ప గోడకు ఆనుకొని కూర్చున్నాడు. తరువాత ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి కూర్చున్నాడు. పదకొండున్నరకు పాపన్న మంచినీళ్ళు తెచ్చిస్తే, గుక్కకూ గుక్కకూ మధ్య నోరు తెరుచుకొని ఆగాడు. పెదవులు నేరేడుపండ్లు తిన్నట్టున్నాయి. క్యాజువాల్టీకి పోదామా అని మళ్ళీ అడిగితే మాట రాలేదు, చెయ్యి మాత్రం వద్దన్నట్టు కదిలింది.

పాపన్న యంత్రం వైపు చూశాడు. పేరు రానిదే అది ఫోటో తీయదు. వెనకటి యంత్రానికి ఈ పట్టింపు లేదు. ఫిల్ము పెట్టి మీట నొక్కితే ఎవరిదైనా తీసేది, పేరు తరువాత సీసపు అక్షరాలతో అంటించుకొనేవాళ్ళు. అతను కాసేపు అక్కడే నిలబడి కౌంటరు దగ్గరికి నడిచాడు.

“నా పేరు కొట్టమ్మా,” అన్నాడు. “ఛాతీ ఎక్స్‌రే.”

శశికళ తలెత్తింది. “నీకేమైందన్నా?”

“దగ్గు.”

ఆమె అతని భుజం మీదుగా బెంచీ వైపు చూసింది. కొంచెంసేపు అట్లాగే చూసి, కీబోర్డు మీదికి వంగింది. పాపన్న జేబులో ఫోను వణికింది. ఆరంకెలూ ఒక్క ఊపిరిలో చదివాడు. ఆమె వాటిని కొట్టి, ఇంకేమీ అడగకుండా, తరువాతి మనిషిని పిలిచింది.

దాసప్పను నడిపించుకొని గదిలోకి తీసుకుపోయి, చొక్కా విప్పించి, పలకకు ఛాతీ ఆన్చి నిలబెట్టాడు. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు వేడిగా తగిలాయి. ఊపిరి పీల్చి పట్టుకోమని చెప్పి అద్దం వెనక్కి పోయాడు. దాసప్ప పీల్చాడు గానీ పట్టుకోలేకపోయాడు. బొమ్మ చెదిరింది. మళ్ళీ తీశాడు.

తెర మీద పైమూలన పాపన్న, 57, పురుషుడు అని ఉంది. కింద దాసప్ప ఛాతీ. పైభాగాన ఎప్పటి గడ్డలే ఉన్నాయి, పోయినసారి కంటే పెద్దవి. కానీ కుడిపక్క పక్కటెముకల వెనక ఏమీ లేదు. ఒట్టి నలుపు. గీత లేదు, నీడ లేదు. ఊపిరితిత్తి గుప్పెడంత ముద్దయి మధ్యకు చేరి ఉంది. గుండె ఎడమకు జరిగిపోయింది. ఆ నలుపేమిటో పాపన్నకు బచ్చప్ప ముప్పై ఏళ్ళ కిందటే చూపించాడు. ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి బయట నిండింది. నిండినకొద్దీ నలిపేస్తుంది. బెంగుళూరు నుంచి రాత వచ్చేదాకా ఆగే పని కాదు.

చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి క్యాజువాల్టీకి తోసుకుపోయాడు. ఈసారి దాసప్ప వద్దనలేదు. డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసుది, రాత్రి నుంచి పనిలో ఉన్నట్టుంది, కళ్ళ కింద నలుపు. కంప్యూటరులో దాసప్ప పేరు వెతికింది. ఇవాళ్టి ఎక్స్‌రే ఏదీ లేదంది.

“నా పేరు మీద ఉండాది మేడమ్,” అన్నాడు పాపన్న. “పాపన్న అని చూడండి.”

ఆమె అతన్ని ఒకసారి చూసింది. పేరు కొట్టింది. బొమ్మ తెరుచుకోగానే కుర్చీ వెనక్కి తోసి లేచి, నర్సును సూది అడిగింది.

పక్కటెముకల మధ్య సూది దిగి గాలి బుస్సున బయటికి వచ్చింది. తరువాత గొట్టం వేశారు. దాని రెండో కొస నీళ్ళ సీసాలో ఉంది, దాసప్ప ఊపిరి వదిలినప్పుడల్లా బుడగలు లేచాయి. ముఖంలో నలుపు కొంచెం తగ్గింది. పాపన్న మంచం పక్కన నిలబడి ఉండగా జేబులో ఫోను మోగింది. ఒంటిగంటా పది నిమిషాలు.

“అన్నా, ఇప్పుడే ఫోను ఇచ్చినారు,” అంది సవిత. వెనకాల స్టీలు పళ్ళాల చప్పుడు. “ఆరు నంబర్లు వచ్చుండాయి. నాలుగుసార్లు వచ్చుండాయి. ఏది చెప్పల్ల?”

“ఏదీ వద్దు తల్లీ. నువ్వు బయలుదేరి రా.”

వస్తానన్నా అని ఫోను పెట్టేసింది. పెట్టిన వెంటనే ఇంకోటి వచ్చింది. బెంగుళూరు డాక్టరు రాసిన రిపోర్టు. పాపన్న గారూ అని మొదలుపెట్టి, మీ కుడి ఊపిరితిత్తి పూర్తిగా కుంచించుకుపోయింది, రెండు పక్కలా రాయిపొడి వల్ల వచ్చిన పాత మచ్చలున్నాయి, వెంటనే ఆసుపత్రిలో చేరండి అని ఉంది. పాపన్న దాన్ని రెండుసార్లు చదివాడు. పంపినవాడు మంచి డాక్టరే. తాను చూసినవన్నీ చూశాడు.

రెండున్నర ప్రాంతాన పనులు కొంచెం తెరిపిచ్చాయి. పాపన్న మళ్ళీ వచ్చేసరికి దాసప్ప కళ్ళు తెరిచి ఉన్నాడు. మాస్కు కొంచెం పక్కకు లాగి, నీ పేరు రాసినావంట గదా అన్నాడు. నర్సులు మాట్లాడుకుంటుంటే విన్నట్టున్నాడు. పాపన్న తల ఊపాడు.

“మీ నాయనకు జ్వరమొచ్చినప్పుడు,” దాసప్ప ఆగి ఆగి చెప్పాడు, “ఆయప్ప పేరు బిళ్ళ ఎత్తుకోని నేను గనిలోకి దిగినా. రెండు షిఫ్టులు. హాజరు పోకూడదని. మొగోళ్ళం అంతా లోపల ఒకే రంగుంటాం. ఎవురు చూసొచ్చినారు?”

నవ్వబోయి దగ్గాడు. పాపన్న మాస్కు సర్దాడు. ఆ సంగతి నాన్న ఎన్నడూ చెప్పలేదు. ఎన్ని అడుగుల లోతుకు దిగావు మామా అని అడుగుదామనుకున్నాడు. దాసప్ప కళ్ళు మూసుకున్నాడు. తరువాత అడుగుదాంలే అని ఎక్స్‌రే గదికి పోయాడు.

నాలుగుకు కొద్దిగా ముందు వార్డు ఆయా ప్రేమ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పాపన్న అద్దం వెనక పని ముగించి, లోపలున్న మనిషిని చొక్కా వేసుకొమ్మని చెప్పి, ఆమె వెంట నడిచాడు. సీసాలో బుడగలు ఆగిపోయాయి.

డాక్టరమ్మ కాగితం రాస్తోంది. ఎడమ ఊపిరితిత్తి కూడా రాయైపోయి ఉందని, ఒక్కదానితో లాగలేకపోయాడని చెప్పింది. మూడు గంటలు ముందు తెచ్చి ఉంటే ఏమో అని కూడా అంది. వచ్చిన వేళ అన్నచోట పన్నెండుంబావు అని రాసింది.

“తొమ్మిదిన్నరకే వచ్చినాడు మేడమ్,” అన్నాడు పాపన్న.

ఆమె కలం ఆగింది. “ఎంట్రీ లేదు కదా పాపన్నా,” అంది, కోపంగా కాదు. “ఏది చూసి రాయమంటావు?”

బెంచీ మీద రెండున్నర గంటలు ఒక మనిషి కూర్చున్నాడని బెంచీ చెప్పదు. ఆమె రాయడం పూర్తి చేసింది.

సవిత వచ్చేసరికి ఐదున్నర. దొరికిన బస్సుల్లో మారి మారి వచ్చింది. కంపెనీ ఆప్రాను ఇంకా మెడలోనే ఉంది, దాని మీద రంగురంగుల దారపు ముక్కలు. నాన్న ముఖం చూసింది, చెయ్యి పట్టుకొని కూర్చుంది. కాసేపటికి బయటికి వచ్చి పాపన్న పక్కన గోడకు ఆనుకుంది.

“ఎంతసేపు కూచున్నాడన్నా బయట?”

పన్నెండుంబావు అని కాగితంలో ఉంది. ఆ మాటే చెప్పవచ్చు. ఆమెకు ఆ రాత్రి కొంచెం తేలికవుతుంది.

“తొమ్మిదిన్నర నుంచి,” అన్నాడు పాపన్న. “క్యాజువాల్టీకి రానన్నాడు. నేను లాక్కోని పోవాల్సింది తల్లీ. వద్దన్నాడని ఊరకుంటి.”

సవిత చేతిలో ఫోను ఉంది. దాన్ని ఆప్రాను జేబులో పెట్టుకుంది, మళ్ళీ తీసింది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. చివరికి అతని చేతిలో పెట్టి, మా చిన్నాయనకు చెప్పన్నా, నాకు నంబరు కనపడ్డంలేదు అంది. పాపన్న కళ్ళజోడు పెట్టుకొని వెతికి, లైన్లలో ఉన్న ఆ చిన్నాయన శంకర్‌కు ఫోను చేసి చెప్పాడు.

ఆరుంబావుకు వ్యానులో తీసుకుపోయారు. గని రాయిపొడి పోసిన సైనైడు దిబ్బల వైపు నుంచి గాలి లేచి, వాకిలంతా బూడిదరంగు దుమ్ము కమ్మింది. శశికళ బ్యాగు తగిలించుకొని బస్సుకు పోతూ అతని దగ్గర ఆగింది. ఆ ఎక్స్‌రే అతని పేరు మీది నుంచి తీయడానికి ఇక్కడ మీట లేదని, బెంగుళూరుకు రాయాలని, మేనేజరు అడిగాడని, రేపు సంజాయిషీ రాసివ్వమన్నాడని చెప్పింది. నేనే కొట్టినా గదన్నా, నా పేరూ రాయి అని కూడా అంది.

“నీకేం తెలుసమ్మా. నేను దగ్గని చెప్పినా, నువ్వు కొట్టినావు,” అన్నాడు పాపన్న. “పో, బస్సు పోతాది.”

ఆమె పోయాక అతను వరండా బెంచీ మీద కూర్చున్నాడు. కాళ్ళు లాగుతున్నాయి. ఇంటికి పోయి మునిలక్ష్మికి చెప్పాలి, దాసప్ప పోయాడని, రాత్రికి లైన్లలోకి పోవాలని. మార్చి సంగతి ఇప్పుడే చెప్పనక్కరలేదు. ఫోను తీసి చూశాడు. పాపన్న గారూ, మీరు ఇంకా ఆసుపత్రిలో చేరలేదు అని ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకొని లేచాడు.

యంత్రం ఆపి, తెర ఆపి, ఏసీ ఆపడానికి ఎక్స్‌రే గదిలోకి వెళ్ళాడు. తలుపు మూయబోతే వెనక మెత్తగా ఏదో తగిలింది. దాసప్ప చొక్కా. తెల్లది, నీలిమందు పెట్టి ఉతికింది. కాలరు తిరగేసి కుట్టిన దారం తెలుపు కాదు, సవిత కంపెనీ దారం కాబోలు, లేత పసుపు. మోచేతుల పైదాకా మడిచిన చేతులు, మడత విప్పకుండానే, కొక్కేనికి వేలాడుతున్నాయి.